కుండకు కండ పెరిగింది

మద్దిలేటికి గుండెలో కూడా కండ పెరిగింది. అయినా వస్తాదు వాని చేతికి గద ఇయ్యలేదు. అదీ వాని బాధ.

బేతంచెర్లలో పీర్ల చావిడి ఎనక దస్తగిరి వస్తాదు తాలింఖానా ఉంది. లోపల ఎర్రమన్ను గోదా. గోడకు ఆంజనేయసామి పటం, దాని పక్కనే పీరుసామి పచ్చ చాదరు. కుస్తీ నేర్చుకోను వచ్చినోడు ఎవడైనా సరే, ఇద్దరికీ మొక్కి, మన్ను కళ్లకద్దుకోని దిగాల్సిందే.

ఆ గోదాలో దిగినోళ్లందరిలో మద్దిలేటి అంత మొనగాడు లేడు. వాడు తొడ చరిస్తే రైల్వే గేటు కాడ నిలబడిన ఎద్దులు బండి లాక్కోని ఎనక్కి పరిగెత్తేవి. వాడు కుస్తీ పట్టిన రోజు గోదాలో లేచిన మన్ను పక్కూళ్లో రాలేది. పగలు లారీలకు నాపబండలు ఎత్తే హమాలీ పని. ఇద్దరు మోసే బండను వాడొక్కడే చంకలో పెట్టుకోని, రెండో చేత్తో మీసం దువ్వుకుంటా నడిచేవాడు. ఇవన్నీ ఊళ్లోవాళ్లు చెప్పినవి కావు. మద్దిలేటి చెప్పినవే.

ఏటా ఉరుసుకు కుస్తీ పోటీలు జరుగుతాయి. బళ్లారి నుంచి, ఆదోని నుంచి పైల్వాన్లు దిగుతారు. దానికి ముందర దస్తగిరి వస్తాదు తన శిష్యుల్లో ఒకనికి తాలింఖానా గద అందిస్తాడు. ఆ గద పట్టుకున్నోడు ముందు నడిస్తే మిగతావాళ్లు వాని ఎనక నడుస్తారు. ఈ ఏడు ఆ గద తనదేనని మద్దిలేటి ఎప్పుడో తీర్మానం చేసుకున్నాడు. వస్తాదు మాత్రమే ఇంకా చేసుకోలేదు.

ఉరుసు ఇంకా దూరం ఉందనంగా, ఒక రోజు బస్టాండు కాడ డేరా ఏసి, వచ్చేపోయేవాళ్లకు ఉత్తపుణ్యానికే బీపీ చూస్తాండారు. మద్దిలేటికి బీపీ చూపించుకోవాలని లేదు. జబ్బ చూపించుకోవాలని ఉంది. చొక్కా చెయ్యి పైకి మడిచి కుర్చీలో కూచున్నాడు.

నర్సమ్మ పట్టీ చుడితే జబ్బకు చాల్లేదు. వాడు చుట్టూ చూసినాడు, అందరూ చూసినారా లేదా అని. ఆమె పెద్ద పట్టీ తెచ్చి చుట్టింది. మిషను కల్లా చూసింది. రొంతసేపు మాట్లాడకుండా కూచోమని మళ్లీ చూసింది. రెండో చేతికి కూడా చుట్టి చూసింది.

ఎంత చూపిస్తాందని అడిగినాడు. చెప్పింది. ఇంత నంబరు ఈ రోజు ఇంకెవరికన్నా వచ్చిందా అని అడిగినాడు. రాలేదంది. వాడు లేచి, వరసలో ఉన్నోళ్లందర్నీ ఒకసారి పైనుంచి కిందికి చూసి, మీసం మెలేసినాడు.

నర్సమ్మకు అది బాగలేదు. కర్నూలు పెద్దాసుపత్రికి పోయి గుండె చూపించుకోమని చీటీ రాసిచ్చింది. నాకు నొప్పి లేదు, నొవ్వు లేదు, చూపించుకునేదేముందని వాడన్నాడు. బీపీకి నొప్పి ఉండదు, గుండెకు దెబ్బ తగిలిందీ లేందీ లోపల చూస్తేగాని తెలీదని ఆమె అనింది. రొమ్ము లోపలికి చూసే మిషను ఉందనేసరికి మద్దిలేటికి మనసైంది. బయట చూసినోళ్లు సరే, లోపల కూడా చూడనీ అనుకున్నాడు.

ఆసుపత్రిలో రొమ్ముకు తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీసినారు. తర్వాత చీకటి గదిలో పక్కకు తిప్పి పండబెట్టి, చల్లటి జిగురు పూసి, పిడి లాంటిదొకటి రొమ్మున ఆనించి చూసినారు. తెర మీద వాని గుండె వలలో పడిన చేప మాదిరి ఎగురుతాంది. డాక్టరమ్మ చానాసేపు కొలతలు తీసింది.

"మద్దిలేటీ, నీకు బీపీ ఏళ్ల నుంచి ఉన్నట్టుంది. గుండె కండ మందంగా పెరిగింది," అనింది.

"పెరిగిందా అమ్మా?"

"పెరిగింది. అందుకే..."

'అందుకే' తర్వాత ఆమె చానా చెప్పింది. చేత్తో చూపించి చెప్పింది. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మందులు రాసిచ్చి, ఎప్పుడెప్పుడు మింగాలో చెప్పింది. ఏం లాభం? 'పెరిగింది' అన్న మాట కాడనే మద్దిలేటి చెవులు లేచిపోయి బేతంచెర్ల బస్సెక్కినాయి. ఆమె ముందర కూచున్నది వాని ఒళ్లు ఒకటే.

ఊరికి వచ్చినాడు. మందుల షాపు దాటుకోని పటాలు కట్టే షాపుకు పోయినాడు. మిషను తీసిన గుండె బొమ్మకు అద్దం ఏయించి, తాలింఖానాలో ఆంజనేయసామి పటం కింద తగిలించినాడు. మసి, మబ్బు కలిపి పూసినట్టుండే ఆ బొమ్మలో గుండె యాడుందో కనిపెట్టాలంటే పైనున్న సామికి కూడా కష్టమే. మద్దిలేటి మాత్రం చీపురుపుల్ల పట్టుకోని వచ్చినోళ్లకల్లా చూపిస్తాండె.

వస్తాదు ఆ పొద్దు గదకు నూనె పూస్తాండాడు. ముసలాయన. సన్నటి మనిషి. కుస్తీల్లో నలిగి నలిగి చెవులు రెండూ ఎండిన అత్తిపండ్ల మాదిరి ముడుచుకోని ఉంటాయి. మాట చానా తక్కువ.

"వస్తాదూ, మన తాలింఖానాలో చేతికి పెరిగినోళ్లు ఉండారు, తొడకు పెరిగినోళ్లు ఉండారు. గుండెకు పెరిగినోడు ఎవడన్నా ఉండాడా?" అని అడిగినాడు మద్దిలేటి.

వస్తాదు పటం కల్లా చూసినాడు. వాని కల్లా చూసినాడు.

"ఆ మాట చెప్పేటప్పుడు డాక్టరమ్మ నవ్విందా?"

మద్దిలేటి గుర్తు చేసుకున్నాడు. నవ్వలేదు.

"డాక్టర్లు యాడ నవ్వుతారు వస్తాదూ."

"మాత్రలు ఇచ్చిందా?"

"రాసిచ్చింది. పైల్వాను మాత్రలు మింగితే గోదాకు మైల."

వస్తాదు లేచినాడు. గద మూలన ఆనించి, ముందు ఒక పని చెయ్యమన్నాడు. కుమ్మరి కాడికి పోయి ఒకే సైజువి రెండు కొత్త కుండలు తేవాల. ఒకటి వాకిట్లో నీళ్లకు పెట్టాల. రెండోదానికి రోజూ కసరత్తు అయిపోయినాక లోపల సన్నంగా సిమెంటు పూయాల. ఒక పూత ఆరినాక దాని మీద ఇంకో పూత. లోపలే పూయాల, బయట చెయ్యి పడగూడదు.

"ఎన్నాళ్లు వస్తాదూ?"

"నేను చాలనేదాకా. ఆపైన గద సంగతి చూద్దాం."

ఇది ఏదో గుట్టు విద్య అనుకున్నాడు మద్దిలేటి. వస్తాదు ఇంతవరకు ఎవరికీ చెప్పని కసరత్తు తనకే చెప్పినాడని ఊరంతా చాటినాడు. మొదటిరోజు చెయ్యి కుండలోకి దూరింది గాని బయటికి రాలేదు. చేతికి కుండతోనే టీ అంగడికి పోయినాడు, ఎడమ చేత్తో టీ తాగినాడు, అడిగినోళ్లకు ఇది కూడా కసరత్తులో భాగమేనని చెప్పినాడు. సబ్బునీళ్లు పోసినాక చెయ్యి వచ్చింది.

పూత మీద పూత పడింది. మా వైపు సిమెంటుకేం కొదవ. కొన్నాళ్లకు చెయ్యి పట్టడం మానేసింది. కొబ్బరిపీచు కర్రకు కట్టి పూసినాడు. వాకిట్లో కుండను ఏలితో కొడితే టంగుమనేది, దీన్ని కొడితే దబ్బుమనేది. కొట్టి వినిపించి, "విన్నారా, కుండకు కండ పెరిగింది," అనేవాడు. ఒకసారి చేతిలోంచి జారి కింద పడితే కుండకేం కాలేదు, నేలకు గుంట పడింది. అప్పట్నుంచి దాన్ని భుజానెత్తుకోని గోదా చుట్టూ తిరిగేవాడు.

అంతా బాగుండె. కానీ ఓబులేసు సంగతి ఒకటుంది.

ఓబులేసు మద్దిలేటికి జోడి. ఇద్దరూ ఒకే పొద్దు గోదా మన్ను ఎత్తుకున్నోళ్లు. బండల పాలిషు మిషను మీద పని. నెమ్మదస్తుడు. వానికి బీపీ ఉందని అంతకు ముందే తెలిసింది. పొద్దున్నే సద్ది తిని ఒక మాత్ర మింగి పనికి పోయేవాడు. కసరత్తు రొంత తగ్గించినాడు. అప్పట్నుంచి మద్దిలేటి వానికి 'మాత్రల పైల్వాను' అని పేరు పెట్టినాడు. ఎదురైన చోటల్లా, పైల్వానా, ఈ పొద్దు ఎవర్ని పడగొట్టినావు, తెల్ల మాత్రనా పచ్చ మాత్రనా అని అడిగేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. ఓబులేసు కూడా నవ్వేవాడు. నవ్వి, కండువా సర్దుకోని పోయేవాడు.

గుండె పటం గోడెక్కినాక మద్దిలేటి ఆటపట్టించడం మాని బోధ మొదలుపెట్టినాడు. గోదా గట్టున కూచోబెట్టుకోని చెప్పినాడు. బరువెత్తితేనే గదా చేతికి కండ వచ్చేది. బీపీ అంటే ఏంది, గుండెకు బరువు. గుండె దండీలు తీస్తాంది, బస్కీలు తీస్తాంది. నువ్వు మాత్ర ఏసి దాన్ని పండబెడతాండావు. పండుకున్నోనికి కండ యాడ పెరుగుతాది? కావాలంటే పటం చూడు.

అక్కడున్నోళ్లు తలలూపినారు. చెప్పేవాని జబ్బ చూస్తే ఎవరైనా ఊపుతారు. ఓబులేసు పటం కల్లా చానాసేపు చూసినాడు. 'మాత్రల పైల్వాను' అనిపించుకోవడం వానికి ఎంత కష్టంగా ఉండెనో ఎవరికీ తెలీదు. మరుసటి పొద్దు సద్ది తిన్నాడు, మాత్ర మింగలేదు. మింగకపోయినా ఏమీ కాలేదు. ఇంక ఆ తర్వాత మింగనేలేదు.

ఈ లోపల మద్దిలేటికి కొన్ని కొత్త అలవాట్లు వచ్చినాయి.

బండ ఎత్తుకోని లారీ పలక ఎక్కేటప్పుడు మధ్యలో నిలబడి కొండల్ని చూడటం మొదలుపెట్టినాడు. పుట్టినప్పట్నుంచి చూడని కొండలు. ఏంది మద్దిలేటీ అంటే, రొంత అందం కూడా చూడాల గదా అన్నాడు. కుస్తీలో ఒక్క పట్టుతో పడగొట్టేసి మోకాళ్ల మీద చేతులు పెట్టుకోని వంగి నిలబడేవాడు. మన్నుకు మొక్కుతాండానని చెప్పేవాడు. ఎల్లకిల పండుకుంటే రొమ్ము మీద ఎవరో కూచున్నట్టుండేది. గోడకానుకోని కూచోనే కునుకు తీసేవాడు. ఇంట్లోవాళ్లు అడిగితే సింహం పండుకోదన్నాడు. చెప్పులు బిగుసుకున్నాయి. పాదాలకు కూడా కండ పడుతాందన్నాడు. ఏలితో నొక్కి చూసుకుంటే గుంట పడి, ఆ గుంట అట్లనే ఉండిపోయింది.

గుండె పటం ఊరందరికీ చూపించినోడు ఆ గుంటను మాత్రం ఎవరికీ చూపించలేదు. పంచె రొంత కిందికి దించి కట్టుకున్నాడు.

వస్తాదు గోదా గట్టున కూచోని అంతా చూస్తాండె. ఒక పొద్దు పిలిచి, డాక్టరమ్మ కాడికి మళ్లీ పోయి రా అన్నాడు. ఉరుసు కానీ వస్తాదూ, గద భుజానేసుకోని పోయి ఆయమ్మకు చూపించి వస్తా అన్నాడు వాడు. ఇంకో పొద్దు మళ్లీ చెప్పినాడు. వాడు మళ్లీ అదే అన్నాడు. వస్తాదు లేచి వాకిట్లో కుండలో నీళ్లు ముంచుకోని తాగి, వాని కుండ కల్లా చూసినాడు.

"పూత ఏసినావా ఈ పొద్దు?"

"ఏసినా."

"సరే."

ఉరుసుకు ముందు రోజు వచ్చింది. ఎండ దిగుతాంది. శిష్యులందరూ కసరత్తు చేసి, చెమటతో, మన్నుతో గోదా చుట్టూ నిలబడినారు. గదకు పూలదండ ఏసినారు. మద్దిలేటి మీసానికి నూనె రాసుకోని, తన కుండను మోసుకొచ్చి వాకిట్లో కుండ పక్కన పెట్టినాడు. పక్కపక్కన ఉంటే ఏది ఏదో చెప్పలేరు. ఒకే కుమ్మరి, ఒకే వాము, ఒకే ఎరుపు. వస్తాదు వంగి లోపలికి చూసినాడు.

"చాలు," అన్నాడు.

మద్దిలేటి గద కల్లా ఒక అడుగు ఏసినాడు.

అప్పుడు గేటు కాడ ఓబులేసు కనపడినాడు. వాని భార్య సుంకులమ్మ రెక్క పట్టుకోని నడిపిస్తాంది. గేటు నుంచి గోదా దాకా ఎంత దూరం, గొంతెత్తకుండా పిలిస్తే వినపడేంత. ఆ దూరానికి ఓబులేసు కూచున్నాడు, లేచినాడు, మళ్లీ కూచున్నాడు. ముక్కుతో కాకుండా నోటితో పీలుస్తాండాడు. ఎవరో పరిగెత్తిపోయి పట్టుకోని గట్టున కూచోబెట్టినారు.

సుంకులమ్మ మద్దిలేటి ముందరకొచ్చి నిలబడింది.

"అన్నా, ఆయప్ప నువ్వు చెప్పినట్టే మాత్రలు మానేసినాడు. ఇప్పుడు పండుకుంటే ఊపిరాడదంటాడు. గోడకానుకోని కూచుంటాడు. కాళ్లు కూడా ఉబ్బినాయి. నీకూ ఇట్లనే అయ్యిందా అన్నా, కండ పెరిగేటప్పుడు?"

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండు. ఆమె నిజంగానే తెలుసుకోను అడిగింది.

అందరూ మద్దిలేటి కల్లా చూస్తాండారు. ఓబులేసు కూడా చూస్తాండాడు, అయ్యిందని చెప్తాడేమో, అయితే ఇంక భయం లేదని ఆశగా. మద్దిలేటి తన పాదాలు రెండూ మెల్లగా గోదా మన్నులోకి దూర్చినాడు.

"దప్పిక," అన్నాడు ఓబులేసు.

"మద్దిలేటీ," అన్నాడు వస్తాదు, "నీ కుండతో నీళ్లియ్యి."

పక్కనే నీళ్ల తొట్టి ఉంది. మద్దిలేటి మన్నులోంచి కాళ్లు పెరుక్కోని కుండ తీసుకోని పోయినాడు. ముంచినాడో లేదో కుండ నిండిపోయింది. పొర్లింది. మోసుకొచ్చినాడు. మోస్తాంటే దాని బరువుకు వానికే ఆయాసం వచ్చింది. ఓబులేసు దోసిలి పట్టినాడు. వాడు వంచినాడు.

ఒక గుక్కెడు పడింది.

ఇంకా వంచినాడు. చుక్క, చుక్క. తలకిందులు చేసినాడు. అంత పెద్ద కుండ, అంత బరువు, లోపల ఏమీ లేదు.

ఓబులేసు ఆ గుక్కెడు తాగి దోసిలి దించలేదు. అట్లనే పట్టుకోని ఉండాడు.

వస్తాదు రెండో కుండ ముందుకు జరిపినాడు. దాన్ని ఎత్తుకుంటే బరువే తెలీలేదు మద్దిలేటికి. వంచితే ఓబులేసు తాగినాడు, మొగం తుడుచుకున్నాడు, సుంకులమ్మ తాగింది, పట్టుకున్నోళ్లు తాగినారు. ఇంకా ఉండాయి నీళ్లు. చల్లగా ఉండాయి.

వస్తాదు సిమెంటు కుండ మీద చెయ్యి ఆనించి, బర్రె ఈపు నిమిరినట్టు ఒకసారి నిమిరినాడు.

"గోడ గట్టిగానే ఉందిరా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఒక్కడన్నా నవ్వి ఉంటే మద్దిలేటి వాన్ని ఎత్తి గోదాలో ఏసి సిగ్గు తీర్చుకునేవాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ సిగ్గు యాడా దిగే చోటు లేక వాని మీదనే కూచునింది. పోయి గోడ మీద పటం తీసినాడు. తీసి ఎక్కడ పెట్టాలో తెలీక చంకలో పెట్టుకున్నాడు. ఒకప్పుడు బండ పెట్టుకున్న చంకలో.

వస్తాదు గదకున్న పూలదండ తీసి ఆంజనేయసామికేసి, గద మూలన పెట్టేసినాడు. అంబులెన్సుకు ఫోను చేయించినాడు. బండి వచ్చినాక ఓబులేసును ఎక్కించి, మద్దిలేటి కల్లా తిరిగి, నువ్వు కూడా ఎక్కు అన్నాడు. వాడు పటంతోనే ఎక్కినాడు.

దారి పొడుగునా ఓబులేసు ముక్కుకు గాలి గొట్టం పెట్టి కూచోబెట్టినారు. మద్దిలేటి వాని కాళ్ల కాడ కూచున్నాడు. ఎదురుగా ఆ ఉబ్బిన పాదాలు. ఏలితో నొక్కాల్సిన పని లేదు, వానికి తెలుసు. బండి ఎగిరినప్పుడల్లా చంకలో పటం అద్దం కిర్రుమంటాంది.

"అన్నా, నీకు కూడా ఆయాసంగా ఉంది. రొంత ఆనుకో," అనింది సుంకులమ్మ.

ఆమె అన్నా అనడం మానలేదు. అదే వాన్ని చంపేసింది. తిట్టి ఉంటే ఆనుకునేవాడేమో. నిటారుగా కూచోనే కర్నూలు దాకా పోయినాడు.

ఆసుపత్రిలో ఓబులేసును లోపలికి తీసుకుపోయినారు. సూది ఏసినారు, మిషను పెట్టి గుండె చూసినారు. చానాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. అదే డాక్టరమ్మ. ఇప్పుడు తెచ్చినారు కాబట్టి సరిపోయింది, ఇంకా ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేను, కొన్నాళ్లు ఇక్కడే ఉంచాలని సుంకులమ్మతో చెప్పింది. చెప్పి, బాగా వాడుతున్న మాత్రలు ఎవరు మాన్పించినారని అడిగింది.

సుంకులమ్మ గోడ కల్లా చూసింది. ఆమె చెప్పదని మద్దిలేటికి తెలిసిపోయింది.

"నేనేనమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ వాని మొగం చూసింది, చంకలో పటం చూసింది, కింద పాదాలు చూసింది. గుర్తుపట్టింది. మాత్రలు వాడుతున్నావా అని అడగబోయి, అడగకుండానే ఆగిపోయింది. లోపలికి తీసుకుపోయి కూచోబెట్టింది.

"ఆ పొద్దు మీరు 'అందుకే' అన్నారమ్మా," అన్నాడు మద్దిలేటి తలెత్తకుండా. "'అందుకే' తర్వాత నేను ఇనలేదు. మళ్లీ చెప్పండి."

డాక్టరమ్మ కసురుకోలేదు. కాగితం తీసుకోని గుండ్రంగా ఒక గీత గీసింది. దాని లోపల ఇంకా చిన్నగా ఇంకో గుండ్రం గీసింది. రెండింటి నడుమ పెన్నుతో నల్లగా నింపుతా పోయింది. నడుమ ఇంత చోటే మిగిలింది. ఆమె పెన్ను ఎత్తకముందే మద్దిలేటి కళ్లు మూసుకున్నాడు. వానికి ఓబులేసు దోసిలి కనపడింది.

ఈసారి 'అందుకే' తర్వాత చెప్పిందంతా విన్నాడు. ఆమె చెప్పడం అయిపోయినాక, ఈ గోడ ఇంక ఇంతేనా అమ్మా అని అడిగినాడు. బీపీ అదుపులో పెడితే మెల్లగా పలచబడచ్చు అనింది. ఒకటి రెండు రోజుల్లో అయ్యే పని కాదు. మాత్ర తప్పగూడదు, ఉప్పు తగ్గించాల, అప్పుడప్పుడు వచ్చి లోపల చూపించుకోవాల. మరి కుస్తీ అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఆ ఏడు ఉరుసులో మావాళ్ల ముందర గద నడవలేదు. బళ్లారోళ్లు గెలిచి పోయినారు.

పోటీలు అయిపోయిన చానాళ్లకు మద్దిలేటి తాలింఖానాకు వచ్చినాడు. ఒళ్లు రొంత తగ్గింది. వాపు దిగి చెప్పులు వదులైనాయి. చొక్కా జేబులో మాత్రల పొట్లం పైకే కనపడుతాంది, దాన్ని దాయలేదు. మీసం మెలి లేకుండా కిందికి వాలి ఉంది. గేటు దాటి వచ్చినాడు గాని గడప దాటలేదు. లోపల కొందరు దండీలు తీస్తాండారు. గోదా గట్టున ఓబులేసు కూచోని చూస్తాండాడు. గోడ మీద పటం పీకిన చోట మేకు ఒకటి మిగిలింది.

"వస్తాదూ, లోపలికి రావచ్చా?" అన్నాడు.

వస్తాదు రెండు మోకాళ్ల నడుమ సిమెంటు కుండ పెట్టుకోని కూచున్నాడు. రమ్మనలేదు, వద్దనలేదు. పక్కన పాత ఆకురాయి ముక్క ఒకటి కర్రకు కట్టి ఉంది. దాన్ని తీసి వాని కల్లా చాచినాడు.

"గీకు," అన్నాడు.

మద్దిలేటి చేతిలోకి తీసుకున్నాడు. కుండ మూతిలోంచి లోపలికి చూసినాడు. తన చేత్తో పూసిన పూతలన్నీ గట్టిగా, నున్నగా ఉండాయి. దీన్ని గీకాలంటే ఎన్ని ఉరుసులు పోవాలో.

"ఇది యాడ అయితాది వస్తాదూ. దీన్ని పగలగొట్టేస్తా. కుమ్మరి కాడ కొత్తది తెస్తా."

"నీకుండేది ఇదొక్కటే."

మద్దిలేటి గడప దాటి వచ్చినాడు. ఓబులేసు గట్టు మీద రొంత పక్కకు జరిగి చోటిచ్చినాడు. వాడు ఆ చోట్లో కూచోని, కుండ ఒళ్లో పెట్టుకోని, ఆకురాయి లోపలికి పెట్టి బలమంతా పెట్టి ఒక్క గీకు గీకినాడు.

వస్తాదు వాని చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగా. కుండ పగలగూడదు."